తోక లేని త

మా సంఘానికి నేను కార్యదర్శిని. కోయంబత్తూరులో ఇంతకంటే బరువైన పదవి లేదని చాలామందికి చెప్పాను. ఎవరూ కాదనలేదు. ఔననడానికి కూడా ఎవరూ ఆగలేదు. పీలమేడులో ఒక మిద్దె మీద రెండు గదులు, ఒక ఇనుప బీరువా, ఇరవై కుర్చీలు, వాటిలో ధైర్యంగా కూర్చోదగినవి పదకొండు. ఇదీ నా సామ్రాజ్యం. ఆదివారం సాయంత్రాలు పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతాం. పెద్దలకు నేర్పం. తమకు వచ్చునని పెద్దలు ముందే చెప్పి ఉంటారు.

వాళ్ళకు వచ్చింది మాట, రాత కాదు. ఎన్ని వందల ఏళ్ళ కిందటో మావాళ్ళు ఇటువైపు వచ్చినప్పుడు తెలుగును నోట్లో పెట్టుకుని తెచ్చారు. పలక మాత్రం దారిలో ఎక్కడో మరిచారు. బళ్ళో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు, ఇంట్లో తెలుగు. అందుచేత ఇంటి తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకోవడం మాకు అలవాటు. సరుకుల చీటీ మొదలు ప్రేమలేఖ దాకా అంతే. పెళ్ళికి ముందు నా భార్యకు నేను రాసిన నూట నలభై ఉత్తరాలూ అలాంటివే. ఆమె జ్ఞాపకం ప్రకారం అవి మూడు.

నాకు ముందు ఇరవై రెండేళ్ళు ఈ పదవిలో ఉన్నది మా మేనమామ. ఆయన కూతుర్నే చేసుకున్నాను గనక మామగారు కూడా. ఆయన మాటకు ఎదురు చెప్పకుండా నన్ను రెండువైపుల నుంచీ కట్టేశారు. కళ్ళు మసకబారాక ఆయన దిగిపోయి, సభ్యుల నోటు నా చేతుల్లో పెట్టాడు. నోటు అంటే సన్నపాటి పుస్తకం అనుకునేరు. అది ఒక దూడ. రెండు చేతులా ఎత్తాలి, ఎత్తినాక కాసేపు గోడకు ఆనుకోవాలి. ఒక్కో ఇంటికి ఒక్కో వరుస. పేరు, ఇంటిపేరు, తలుపు నంబరు, వీధి, ఫోను, పిల్లలు ఎవరు, ఏం చదువుతున్నారు. చిట్టచివర ఒక సన్నని గడి. అందులో ఒకే ఒక్క మాట.

ఆ గడి పుట్టడానికి కారణం లోకం. మా నోటు కోసం లోకం ఎంత అల్లాడిందో చెబితే నమ్మరు. కళ్ళద్దాలవాళ్ళు అడిగారు, ప్లాట్లు అమ్మేవాళ్ళు అడిగారు, మోకాళ్ళ నొప్పులకు నూనె కాచేవాళ్ళు అడిగారు. ఎన్నికల ముందు వచ్చి, ఎన్నికల తర్వాత మమ్మల్ని ఎక్కడ చూశామా అని ఆలోచించేవాళ్ళూ అడిగారు. చివరికి కమిటీ కూర్చుని, సోదర సంఘాలకు తప్ప ఎవరికీ ఇవ్వరాదని తీర్మానించింది. ఆ మాట పొక్కిన వారంలోపే మాకు సోదరులు పుట్టుకొచ్చారు. మంచినీటి మిషన్లు అమ్మే ఒక కంపెనీ తానూ మా తోబుట్టువేనని ఉత్తరం రాసింది.

అప్పుడు మామ ఒక మాట అన్నాడు. మా నోళ్ళలో "దా" అంటే రమ్మని కాదు, నొక్కి చెప్పడానికి తమిళం నుంచి తెచ్చుకున్న "నే". "నోటు మనది దా. నోట్లో ఉండే ఇండ్లు వాళ్ళవి కదరా. అడక్కుండా ఎట్ల చెప్తావు?"

అని ఊరుకోకుండా, గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. మీ వివరాలు బయటి సంఘాలకు చెప్పవచ్చునా కూడదా అని అడిగాడు. సరేనంటే ఆ చివరి గడిలో "చెప్పొచ్చు" అని రాశాడు. కూడదంటే "చెప్పొద్దు" అని రాశాడు. తరువాత చేరినవాళ్ళనూ చేరిన రోజే అడిగి రాశాడు. అన్నీ తమిళ అక్షరాల్లోనే.

ఇక్కడ చదువరులు ఒక్క నిమిషం నాతో బడికి రావాలి. తమిళంలో త కీ ద కీ ఒకటే అక్షరం. చదివేవాడు సందర్భం చూసుకుని పలుకుతాడు. ఆ అక్షరానికి ఒక కవల ఉంది, చ. ఇద్దరిదీ ఒకే తల, ఒకే నడుము. తేడా అల్లా కిందికి వంగే ఒక తోక. తోక ఉంటే త, లేకపోతే చ. అంటే తమిళ రాతలో మా "చెప్పొద్దు"కూ "చెప్పొచ్చు"కూ మధ్య ఉన్నది గోరంత తోక. తమిళులకు ఈ బాధ లేదు, వాళ్ళు ఈ రెండు మాటలూ అనరు. ఆంధ్రులకూ లేదు, వాళ్ళు ఈ అక్షరాల్లో రాయరు. ఈ ప్రమాదాన్ని భగవంతుడు ప్రత్యేకంగా మా కోసం తయారుచేశాడు.

పోయిన సంవత్సరం మదురై సంఘం నుంచి ఫోన్ వచ్చింది. ఇది నిజమైన సోదర సంఘమే. దాని కార్యదర్శి మాట్టుతావణి మార్కెట్టులో ఉల్లిగడ్డల టోకు వ్యాపారి.

"అన్నా, మా తావ ఇంక సంబంధాలు లేవు," అన్నాడు. "అందరూ అందరికీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు అయిపోయిండారు. మీ లిస్టు ఇయ్యండి, మా లిస్టు ఇస్తాం. ఒక నాడు అందరినీ ఒక మండపంలో కూచోబెట్టి చూపిచ్చేద్దాం."

"చూపించడానికి ఇదేమన్నా మార్కెట్టా?"

"నేను మార్కెట్టులో దా ఉండానన్నా," అన్నాడు. వెనక మూటలు దించే కేకలు వినిపిస్తున్నాయి.

ఆ సాయంత్రమే వాళ్ళ జాబితా నా ఫోనులోకి దిగింది. పన్నెండు పేజీలు. నేను దూడను బల్ల మీద పడుకోబెట్టి, సందేహం లేకుండా "చెప్పొచ్చు" అని ఉన్నవాళ్ళను మాత్రం కంప్యూటరులో ఎక్కించాను. నాలుగు పేజీలు వచ్చాయి. మదురైకి పన్నెండు, కోయంబత్తూరుకు నాలుగు. మిల్లులు, కాలేజీలు, విమానాశ్రయం పెట్టుకుని నాలుగు. తరువాత తోక ఉన్నట్టూ లేనట్టూ ఉన్న గడులు కనబడ్డాయి. అలాంటివి చాలా ఉన్నాయి. నేను వాటిని మంచి మనసుతో చదివాను. మా జాబితా తొమ్మిది పేజీలైంది. పంపేశాను. ఒక అమ్మాయి చదువు ఆ తొమ్మిదింట్లో ఒక పేజీకి వేలాడుతోందని అప్పటికి నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఆగనూ లేదు.

మా ఆదివారం బడిలో పిల్లల మధ్య కూర్చుని అక్షరాలు దిద్దే పెద్దమనిషి ఒక్కరే. పీలమేడులోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుట్టే ఒకావిడ. నలభై అయిదేళ్ళు ఉంటాయి. భర్త లేడు. అప్పటికి అయిదేళ్ళ కిందట ఒక కూతురితో, ఒక మిషనుతో మదురై నుంచి వచ్చింది. కూతురు ఇక్కడే ఇంజనీరింగు చదువుతోంది. జాబితా పంపిన తరువాతి ఆదివారం పిల్లలంతా వెళ్ళాక ఆవిడ నా బల్ల దగ్గరికి వచ్చింది.

"అన్నా, మన పేర్లు మదుర సంగానికి పోయినాయంట. నాది పోలేదు కదా?"

"చెప్పొచ్చు అన్నవాళ్ళవి మాత్రమే పోయాయమ్మా."

"అట్లయితే నాది పోయిండదు."

నోటు తెరిచాను. ఆవిడ తన వరుస మీద వేలు పెట్టి, చివరి గడి దాకా జరిపి ఆగింది.

"ఇది చ లాగుంది కదమ్మా," అన్నాను.

"త అన్నా ఇది."

"తోక లేదే."

"తోక లేకపోతే నేను లేనా? మామ రాసేటప్పుడు పక్కన్నే నిలబడుకోనుండాను. చెప్పొద్దు అని రెండు తూర్లు చెప్పి రాయించుకున్యాను." గడి మీద నుంచి వేలు తియ్యకుండానే అడిగింది. "పోయిందా?"

"పోయింది."

"బిడ్డ పేరు, కాలేజీ పేరు?"

"అన్నీ."

ఆవిడ కుర్చీలో కూర్చుంది. కూర్చోదగని తొమ్మిదింట్లో ఒకటి. అది కూడా కిక్కురుమనలేదు.

"నా బిడ్డ పది పాసైనప్పుడు, చదివింది చాలు, మా తమ్మునికి ఇయ్యమన్నారు," అంది. "మేనమామకు హక్కంట. వాడు దానికన్నా పదమూడేండ్లు పెద్ద. మా అమ్మ, మా పెద్దనాయన, అందరూ వాని పక్కన్నే. ఒక నాడు దాని పుస్తకాలు తీసి పాత పేపరోనికి ఏసేసినారు. మర్నాడు దా మేము బస్సెక్కింది. ఇప్పటికీ వాడు ఎవరినీ చేసుకోకుండా ఎతుకుతాండాడంట. ఇంక ఒక ఏడు దా అన్నా దాని చదువు. అది ముగిచ్చి ఒక ఉజ్జోగంలో చేరిపోతే, ఎవడొచ్చినా నాకు భయం లే. ఈ ఒక్క ఏడు."

నేను మేనమామ కూతుర్ని చేసుకున్నవాణ్ణి. ఈ విషయంలో మాట్లాడటానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు నా దగ్గర ఎప్పుడూ జవాబులుంటాయి.

దూడను భుజాన వేసుకుని మామ ఇంటికి పోయాను. ఆయన టీవీలో సీరియల్ వింటున్నాడు. చూడలేడు గనక వింటాడు. భూతద్దం చేతికిచ్చి, ఆవిడ వరుస చూపించాను.

"మామా, ఇది త యా, చ యా?"

"త. ఆ బిడ్డ చెప్పొద్దన్నది. నాకు బాగా ఎరుక."

"మరి ఇది?"

"అదీ త దా."

"ఇది?"

"త."

"మామా, ఇది మీ సొంత పేరు. మీరు చెప్పొచ్చు అని రాసుకున్నారు."

ఆయన భూతద్దాన్ని పంచె అంచుతో తుడిచాడు. "ఆ నాడు పేనా బాగలేదు," అన్నాడు.

"తోక ఎందుకు వెయ్యలేదు మామా?"

"ఏస్తే కింది వరుసలోకి దిగతాది కదరా. కిందోళ్ళ పేరు మీద పడతాది. నోటు నీటుగా ఉండద్దా?"

ఇరవై రెండేళ్ళు ఆయన ఎవరి తోకా ఎవరి నెత్తిన పడకుండా చూశాడు. ఇంత మర్యాదస్తుణ్ణి నేనెలా తిట్టను. కానీ ఆయన నన్ను వదల్లేదు.

"నాకు కండ్లు లేవు, సరి. నీకుండాయి కదా. త యో చ యో ఎరుకలేనప్పుడు ఆ బిడ్డను ఒక మాట అడిగిండచ్చు కదరా. ఫోను నంబరు పక్కన్నే ఉండాది."

పన్నెండు పేజీల సంగతి ఆయనకు చెప్పలేకపోయాను. ఏ సంగతినైనా నాలుగింతలు చేసి చెప్పగలిగిన నాకు, ఇంత చిన్న సంగతి ఉన్నంతలో చెప్పడానికి కూడా నోరు రాలేదు.

మదురైకి ఫోన్ చేసి, జాబితా తప్పుగా వచ్చింది, తీసెయ్యమన్నాను. "ఫోనులో తీసేస్తానన్నా," అన్నాడు ఉల్లిగడ్డల కార్యదర్శి. "అయితే ఆరు జెరాక్సులు తీసి మా కమిటీవాళ్ళకు ఇచ్చేసిండాను."

మర్నాడు పొద్దున్నే సింగానల్లూరులో బస్సెక్కాను. ఆ బస్సు ప్రతి చెట్టునూ పలకరిస్తూ పోయింది. ఒకచోట ఒక మేక మమ్మల్ని దాటి ముందుకు పోవడం నేను కళ్ళారా చూశాను. ఆరపాళ్యంలో దిగి, టౌను బస్సులో మాట్టుతావణికి చేరేటప్పటికి మధ్యాహ్నమైంది. కార్యదర్శి హిమాలయాలంత ఉల్లిగడ్డల మధ్య కూర్చుని ఉన్నాడు. మంచివాడు. నాకు మోరు, అంటే మజ్జిగ, ఇప్పించి, తన ఫోను నా చేతికిచ్చి, "మీరే తీసెయ్యండన్నా, మీకు నమ్మకంగా ఉంటాది," అన్నాడు. తీసేశాను. తరువాత ఆయన టీవీయస్ బండి వెనక కూర్చుని కమిటీ సభ్యుల ఇళ్ళన్నీ తిరిగాను. ఒకటి టీవీ మీద దొరికింది. ఒకటి దేవుడి పటం వెనక. ఒకాయన అప్పుడే తన కొడుక్కి మా ఊళ్ళో ముగ్గురు పిల్లల్ని పచ్చ ఇంకుతో గుర్తు పెట్టుకుని ఉన్నాడు. ఆయన దగ్గర లాక్కోవడానికి అరగంట పట్టింది. అలా అయిదు వచ్చాయి.

ఆరోది ఒక సభ్యుడు మార్కెట్టు ముందర టీ అంగడి బెంచీ మీద మరిచిపోయాడట. టీ మాస్టరు బజ్జీలు వేస్తూ ఉన్నాడు.

"పేపరా?" అన్నాడు. "నిన్న ఉండె. బజ్జీలు కట్టేసినా."

"ఎవరికి?"

"యారుక్కు తెరియుం," అన్నాడు. ఎవరికి తెలుసు అని. అది నాకు తమిళంలోనే ఎక్కువ నిజంగా వినిపించింది. బెంచీ కింద రెండు పేజీలు నూనెతో దొరికాయి. ఆవిడ పేజీ వాటిలో లేదు.

"ఎవరన్నా ఆ అమ్మ?" అన్నాడు కార్యదర్శి. "ఎవరి కంట్లో పడకూడదో చెప్పండి. ఈ మదురలో నాకు ఎరుకలేనోడు లేడు. చూసినాడా లేదా అని ఒక్క గంటలో కనుక్కుంటాను."

కనుక్కోవాలంటే తమ్ముడి పేరు చెప్పాలి. తమ్ముడి పేరు చెబితే అక్క పేరు చెప్పినట్టే. ఉల్లిగడ్డల మూటలతో పాటు ఆ కబురు సాయంత్రానికి అన్ని వీధుల్లో దిగుతుంది. "ఎవరూ లేరు, మా సభ్యురాలు ఒకామె," అన్నాను. నా జీవితంలో ఒక సంగతిని తగ్గించి చెప్పడం అదే మొదలు.

తిరిగి వచ్చి ఆవిడ అంగడికి పోయాను. గాంధీపురంలోని పెద్ద షోరూము ఒకటి ఇచ్చిన పని కాబోలు, ఒకే రంగు జాకెట్లు గుట్టగా పడి ఉన్నాయి. మిషను ఆపకుండానే అడిగింది.

"ఎన్ని దొరికినాయి?"

"అయిదు."

"ఎన్నిట్లో?"

"ఆరిట్లో. ఆ ఒక్కటీ బజ్జీలు కట్టిచ్చేశారమ్మా. నూనెలో నానిపోయి ఉంటుంది. దాన్ని ఎవరు చదువుతారు?"

మిషను ఆపి, దారం పళ్ళతో తెంపింది. "బజ్జీ తిని కాయితం చదవకుండా పారేసినోణ్ణి నేను మదురలో ఒక్కణ్ణి చూడలేదన్నా."

నాకూ అది నిజమనే అనిపించింది. నేనూ చదువుతాను.

మా మేడ మీద ఒక పోర్షను ఖాళీగా ఉంది, అందులోకి రమ్మన్నాను. విశాలమైనది, గాలి వెలుతురు బ్రహ్మాండంగా వస్తాయని చెప్పాను. కిటికీ ఒకటే అని చెప్పలేదు.

"మీ ఇంటికి వచ్చేదంతా సంగమోళ్ళే కదన్నా," అంది. కోపంగా అనలేదు. కొలత చెప్పినట్టు చెప్పింది.

మరుసటి రోజు నుంచి నేను తోక లేని ప్రతి గడి కోసం ఇల్లిల్లూ తిరిగాను, మామ గొడుగే వేసుకుని. తలుపు తట్టి, చెప్పవచ్చునా కూడదా అని అడిగి, ఈసారి తెలుగు అక్షరాల్లో రాశాను. కూడదన్నవాళ్ళే ఎక్కువ. ఒక ముసలాయన, "పోయిన వారం నుంచి మదురోళ్ళు దినానికి ముగ్గురు ఫోన్ చేస్తాండారు, నా మనవనికి ఇంకా ఒకటో తరగతి," అన్నాడు. కొందరు నన్ను కూర్చోమన్నారు, కొందరు అనలేదు. అందరి దగ్గరా తప్పు నాదేనని చెప్పాను. మామ చేతిరాత సంగతి ఎత్తలేదు.

నాలుగు రోజుల్లో ఆవిడ ఇల్లు మారడానికి సిద్ధమైంది. మేము చిన్న యానై, అంటే చిన్న ఏనుగు, అని పిలుచుకునే గూడ్సు బండి ఒకటి వీధిలోకి వచ్చింది. రెండు ట్రంకులు, ఒక స్టవ్వు, కూతురి పుస్తకాలు నాలుగు అట్టపెట్టెలు. పుస్తకాల పెట్టెలను ఆ అమ్మాయి ఎవరినీ ముట్టనివ్వలేదు, తానే ఎక్కించింది. మిషను నేను మోశాను. అదేమంత బరువు లేదు.

డ్రైవరు ఇంజను వేసి, "ఎక్కడికి పోవాలమ్మా?" అన్నాడు.

ఆవిడ అతనికి జవాబు చెప్పలేదు. చీర కొంగు సర్దుకుంటూ నా వైపు చూసింది. కూతురు బండి లోపలి నుంచి చూసింది. డ్రైవరు కూడా చూశాడు. ముగ్గురూ నేను ఏదో చేయడం కోసం ఆగారు. ఏమిటో అర్థం కావడానికి నాకు కొంచెం ఎక్కువ సేపే పట్టింది.

"సరేనమ్మా, నాకు పని ఉంది," అన్నాను.

"సరింగన్నా. ఆదివారం క్లాసుకు వస్తాను."

వీధి చివరి దాకా నడిచాను. అక్కడ పాత మిల్లు గోడ మీద, ఇక్కడ నోటీసులు అంటించరాదని ఒక నోటీసు ఉంది. దాని ముందు నిలబడి, వీధికి వీపు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా తమిళంలో చదివాను. తరువాత ఇంగ్లీషులో చదివాను. వెనక బండి కదిలిన చప్పుడు వినబడింది, దగ్గరికి వచ్చింది, మలుపులో నెమ్మదించింది. నేను నోటీసు మళ్ళీ మొదలుపెట్టాను. బండి ఎడమకు తిరిగిందో కుడికి తిరిగిందో నాకు తెలియదు. ఎవరు అడిగినా ఇదే చెబుతున్నాను. ఇందులో నేను కలిపింది ఏమీ లేదు.